చింతపండు కొట్లలో గుంట

ముసలమ్మ వచ్చి జేసీబీకి అడ్డంగా నిలబడింది.

సాలూరు పాత బజారులో అప్పటికింకా దుకాణాలు తెరవలేదు. రవిబాబుకు చిర్రెత్తుకొచ్చింది.

కూలగొట్టాల్సింది చింతపండు కొట్లని. వందేళ్లు దాటిన కట్టడం. కొండ మీద నుంచి దిగిన చింతపండు, పిప్పళ్లు, తేనె ఒకప్పుడు అక్కడే చేతులు మారేవి. గానుగ సున్నం గోడలు, టేకు స్తంభాలు, పైన పెంకుల కప్పు.

దాన్ని కాపాడాలని ఊళ్లో కొందరు కోర్టుకెళ్లారు. కొన్న ఆసామికేమో అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని తొందర. స్టే వచ్చేలోపు అంతా నేలమట్టం కావాలని, చేతకాకపోతే ఇంటికి పొమ్మని అతను రవిబాబు మొహం మీదే చెప్పేశాడు.

రవిబాబుది గుంటూరు వైపు. సూపర్‌వైజరుగా వచ్చి వారం కూడా కాలేదు. జేసీబీ డ్రైవరునీ అటునుంచే తెచ్చుకున్నాడు. ఈ ఊరి మనిషి అప్పలస్వామి ఒక్కడే. బళ్లు రాకుండా ఆపమని అతన్ని వీధి మొదట్లో నిలబెట్టాడు.

ముసలమ్మ కొండ మనిషి. ముక్కుకు మూడు ముక్కెరలు, మోకాళ్ల దాకా కట్టిన చీర, చేతిలో తడిసిన గొడుగు. పని ఆలస్యం చేయడానికి ఆ కోర్టు వాళ్లే ఈమెను పంపి ఉంటారని రవిబాబు అనుమానం.

“నోపల గుంటుంది బాబూ. ఎనక గదిలోన,” అందామె.

ఇక్కడే వచ్చింది చిక్కంతా. రవిబాబు పుట్టిన ఊళ్లో గుంటంటే గొయ్యి. సాలూరులో, ఆ పైన కొండల్లో, గుంటంటే ఆడపిల్ల.

“ఎంత ఉంటుంది?” అని అడిగాడు.

ఆమె అరచేయి నడుము దగ్గర పెట్టి చూపించింది.

“ఇంతుంటాది.”

నడుం లోతు. పొద్దున గదుల్లోకి తొంగి చూసినప్పుడు చీకట్లో కనపడలేదు కాబోలు అనుకున్నాడు రవిబాబు. వెనక సందులోంచి మొదలుపెట్టి ఒక్కో గదీ విప్పుకుంటూ రావాలని అతని ఆలోచన. బండి గుంటలో దిగబడితే క్రేను తెప్పించాలి. ఈలోపు స్టే వచ్చి కూర్చుంటుంది. ముసలమ్మ ఎవరి మనిషైనా తనకు మేలే చేసింది.

మంచి మాట చెప్పావని, ఇక తను చూసుకుంటానని, పక్కకెళ్లి నిలబడమని ఆమెతో అన్నాడు.

ఆమె మొహం తేటపడింది. వెళ్లి ఎదురరుగు మీద కూర్చుంది. ఎవరైనా లోపలికి వెళ్లి పిల్లను తెస్తారని గుమ్మం వైపే చూస్తోంది.

ఎవరూ వెళ్లలేదు. తెల్లారగానే రవిబాబు అన్ని గదుల్లోకీ తొంగి చూసి కేకేశాడు. అప్పుడెవరూ లేరు. ఆ ధీమా అతనిది.

డ్రైవరుకు కొత్త ఉపాయం చెప్పాడు. వెనక్కి పోనే వద్దు. ముందు స్తంభాలు తోసేస్తే కప్పు మొత్తం ఒక్కసారే వెనక్కి కూలుతుంది.

బకెట్ మొదటి స్తంభానికి ఆనింది. స్తంభం కిర్రుమంది. పెంకులు రాలాయి. లేచిన దుమ్ము పుల్లటి వాసన కొట్టింది.

ముసలమ్మ ఉలిక్కిపడి లేచింది. ఏదో అరిచింది గానీ ఆ రొదలో ఎవరికీ వినపడలేదు. గొడుగు అక్కడే పడేసి పక్క సందులోకి పరుగెత్తింది.

పీడా పోయిందనుకున్నాడు రవిబాబు.

రెండో స్తంభం వంగింది.

అప్పలస్వామి ముక్కు మూసుకుంటూ వచ్చాడు. ముసలమ్మ ఏమందని అడిగాడు. లోపల నడుం లోతు గుంట ఉందట, చెప్పి పుణ్యం కట్టుకుందన్నాడు రవిబాబు.

అప్పలస్వామి అతని భుజం పట్టి కుదిపాడు.

“గుంటంటే గొయ్యి కాదు బాబూ. ఆడపిల్ల.”

రవిబాబు చేతులు పైకెత్తి బండి మీదికి ఉరికాడు. డ్రైవరు ఆపాడు. స్తంభం మాత్రం ఆగలేదు. దూలాలు, కప్పు, గోడ కలిసి వెనక్కి కూలాయి.

వీధంతా పోగైంది. బండిని కదిపే ధైర్యం ఎవరికీ లేదు. చేతులతోనే పెంకులు, దూలాలు తీశారు. గోళ్లు విరిగి నెత్తురు కారుతున్నా రవిబాబు ఆగలేదు. ఆ పిల్ల బతికుండాలి. కాంప్లెక్సూ, ఉద్యోగమూ ఏ గంగలో కలిసినా సరే, ఆ పిల్ల బతికుండాలి.

వెనక గది మూలలో దొరికారు. రెండు గోడలు కలిసే చోట పిల్లను ఒదిగించి, దూలానికి తన వీపు ఒడ్డింది ముసలమ్మ.

పిల్ల ఏడుస్తోంది. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది గానీ పెద్ద దెబ్బలేవీ లేవు.

ముసలమ్మలో ఊపిరి లేదు.

మనవరాలి కోసం ప్రాణమిచ్చిందని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మగవాళ్లు ఆమె మీద ఒక కొత్త తువ్వాలు కప్పారు.

సంతలో చీపుర్లు అమ్ముకుంటున్న సోములమ్మ కబురు విని పరుగున వచ్చింది. ఆ పిల్ల సోని ఆమె కూతురే. పొద్దున్నే జ్వరం బిళ్ల మింగించి, వాన తగలకుండా ఉంటుందని వెనక సందులోంచి వచ్చి ఆ గదిలో పడుకోబెట్టి వెళ్లింది.

సోములమ్మ పిల్లను గుండెకు హత్తుకుంది. రవిబాబు ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. మాట తనకు అర్థం కాలేదని, వాళ్లమ్మను చంపింది తనేనని ఏడ్చాడు.

ఆమె వంగి తువ్వాలు తొలగించింది. ముసలమ్మ మొహం మీది సున్నాన్ని కొంగుతో తుడిచింది.

“మాయమ్మ కాదు బాబూ, ఈ అవ్వెవులో మేం ఎరగం.”