నడుముకు కట్టిన గింజలు

"కరెంటు పోతే గింజల కాడ నేనుంట సారూ, ఫికర్ చెయ్యకున్రి" అని మాటిచ్చిన అటెండరు పెంటయ్య, సకల జనుల సమ్మె మొదలైన రోజు నుంచే హైటెక్ సిటీలోని మా ల్యాబ్‌కు రావడం మానేశాడు.

అవి నానక్‌రామ్‌గూడలో అతని చెలకలో కాసిన సర్పగంధ అనే మందుమొక్క గింజలు. చెలక టవర్ల కిందికి పోయాక మిగిలింది ఆ గుప్పెడే. ముప్పై డిగ్రీల వేడి నిలకడగా లేకపోతే అవి మొలవవు. కరెంటు కోతలతో ల్యాబ్‌లోని మొలకెత్తించే పెట్టె చల్లబడి, అందులోని గింజలన్నీ కుళ్ళిపోయాయి.

సమ్మె ముగిశాక అతనొచ్చి గేటు తట్టాడు. "పో, మీ తెలంగాణలో మొలిపించుకో!" అని లోపలి నుంచే అరిచాను. అతని పేరు రాసి మరీ పైవాళ్ళకు నివేదిక పంపాను.

రాష్ట్రం వచ్చింది. అది చూడకుండానే పెంటయ్య పోయాడు. మొన్న అతని భార్య వచ్చి, ఒక గుడ్డ మూట నా ముందు పెట్టింది. విప్పితే తొమ్మిది ఎండు మొలకలు.

"మీ పెట్టె మీద నమ్మకం లేక, సగం గింజలు తడిగుడ్డల కట్టి నడుముకు చుట్టుకుండు సారూ. మా తాతలు గట్లనే మొలిపిస్తుండె. ధర్నాల కూసున్నా ఆ గుడ్డ ఇప్పలే. మొలకలొచ్చినంక మూడు దినాలు మీ గేటు కాడ నిలవడ్డడు. మనమే నాటుకుందామయ్యా అని నేనంటే, 'సారుకు మాటిచ్చిన, సారు చేతులనే పెడ్త' అన్నడు."

ల్యాబ్ బీరువాల నిండా నేను చదివిన విత్తన శాస్త్రమే. ఆ మొలకలను చంపింది సమ్మె కాదు, కరెంటు కాదు; గేటు తియ్యని నేను, ఈ మునిస్వామిని.