సందు చివర రాయి

"మాస్కేది? మూతికి మాస్కేది?"

ఆమని అరుపుకి రెండు రాతిగోడలూ మారుమోగాయి.

ఐర్లండ్‌లో, డబ్లిన్ దాటాక విక్లో కొండల్లో ఉంది ఆ సందు. మనిషి పక్కకు తిరిగి నడవాలి, అంత ఇరుకు.

ఎదురుగా వస్తున్నతను టక్కున ఆగిపోయాడు. మనవాడే. ముక్కు మీదా బుగ్గల మీదా ఎర్రటి గాట్లు. చూపుడువేలికి కూడా ఏదో ఎర్రగా అంటుకుని ఉంది.

"సారీ అండీ, ఎవరూ లేరు కదాని తీశాను." ఆమె గొంతు ఎక్కడో విన్నట్టు చూశాడు. "మీరు లూకన్ నుంచి వచ్చారా?"

"ఎక్కణ్ణుంచి వస్తే నీకెందుకు? మీలాంటివాళ్ల వల్లే మా అమ్మ పోయింది!"

"పోనీలే ఆమనీ," అన్నాడు వెనక నుంచి భర్త రఘువీర్.

"ఏం పోనీలే?"

ఆ కోపం ఇవాళ్టిది కాదు. డబ్లిన్ శివారు లూకన్‌లో తమతోనే ఉండే తల్లి సులోచన ఏప్రిల్‌లో కొవిడ్‌తో ఆసుపత్రిలో పోయింది. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. ఆఖరి వీడియో కాల్‌లో తల్లి ముఖమూ, ఫోను పట్టుకున్న నీలం గ్లోవూ, అంతే కనిపించాయి.

"నా రాయికి బొట్టు పెట్టడం మరిచిపోకే," అంది తల్లి.

సందు చివర ఓ నిలువురాయి ఉంది. వచ్చినప్పుడల్లా సులోచన దానికి బొట్టు పెట్టి దండం పెట్టుకునేది. ఇంట్లోవాళ్లకి తప్ప ఆ ముచ్చట ఎవరికీ తెలియదు.

ఆసుపత్రి నుంచి చీర వచ్చింది, కళ్లజోడు వచ్చింది. వెండి కుంకుమభరిణె మాత్రం రాలేదు.

"చావుబతుకుల్లో ఉన్న మనిషి సొమ్ము కాజేశారు. వాళ్ల చేతులు పడిపోను!" అని ఆమని అప్పట్నుంచీ తిడుతూనే ఉంది.

లాక్‌డౌన్ సడలించి ఊరు దాటి తిరగనిచ్చిన మొదటి ఆదివారమే, బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని ఇండియన్ షాపులో కుంకుమ పొట్లం కొనుక్కుని బయల్దేరింది.

"ఒక్క మాట చెప్పనివ్వండక్కా..."

"అక్కా గిక్కా అన్నావంటే ఊరుకోను. నోర్మూసుకుని వెనక్కి నడువు!"

అతను వెనక్కి నడిచాడు. కాస్త వెడల్పున్న చోట గోడకేసి తిరిగి, వాళ్లు దాటేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"సిగ్గులేని జన్మ," అంది ఆమని, వినపడాలనే.

సందు చివర రాయి అలాగే ఉంది.

దాని మీద తడి ఆరని బొట్టు.

దాని పాదం దగ్గర అమ్మ వెండి భరిణె.

ఆమని చేతిలోని పొట్లం జారిపోయింది. ఆ ముఖం మీదివి ఆసుపత్రిలో గంటల తరబడి బిగించి కట్టుకున్న మాస్కు గాట్లు.

"ఏవండీ, ఆయన్ని ఆపండి!"

మోచేతులు గీరుకుపోతున్నా వచ్చిన దారినే పరుగెత్తింది.

బయటికొచ్చేసరికి అతని కారు మలుపు తిరిగిపోయింది. ఆవేళ అమ్మ కోసం ఫోను పట్టుకుని నిలబడ్డ డాక్టరు, అమ్మ తన చేతికిచ్చిన భరిణెతో ఇంతదూరం వచ్చి ఆమె మాట నిలబెట్టి, కూతురి చేత తిట్లు తిని వెళ్లిపోయాడు.