అడవిలో పాప గొంతు

ఆదివారం కూతురితో అడవిలో నడిచి జలపాతానికి వెళ్లాలని, ధర్మవరం పట్టుచీరల వ్యాపారి వేణుగోపాల్ ముందురోజే దారి చూడటానికి వచ్చాడు. కొండదారి మలుపులో బండి ఆపేసరికి చీకటి పడింది. దారి పక్కన ఒక గుడిసె ముందు కూర్చున్న ముసలామె కసిరింది.

"ఇంతసేపేమప్పా? నీ పాప అప్పుడే లోపలికి పోయింది."

"నా పాప ఇంట్లో ఉండాదవ్వా."

అంతలో అడవిలోంచి "నాయనా!" అని వినిపించింది. అచ్చం పాప గొంతే. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"పాప నా పక్కనే అన్నం తింటాండాది," అంది భార్య. అతనికి ప్రాణం కుదుటపడింది. అడవిలో మళ్లీ ఏడుపు. ఫోన్‌లో భార్య గొంతు మారిపోయింది. "ఆడ ఏడ్చేది ఎవరు? మన పాప మాదిరే ఉండాదే!"

అతను బండి వైపు పరుగెత్తాడు. ముసలామె అడ్డంగా నిలబడింది.

"బిడ్డ పిలుస్తాంటే యాడికి పోతాండావు?" అంటూ రెండు చేతులతో అతన్ని అడవిలోకి నెట్టింది.