పదకొండో మగ ఈగ

ఆరో సీసాలో తెల్లటి పురుగులు కదులుతున్నాయి. పరిశోధకురాలికి గుండె జారిపోయింది.

ఆమె పండుఈగల మీద పనిచేస్తుంది. దగ్గరి చుట్టాల్లాంటి రెండు జాతుల్ని కలిపితే పుట్టే కూతుళ్ళు నిక్షేపంగా పిల్లల్ని కంటాయి. కొడుకులే గొడ్డుపోతాయి. అది నిరూపించడానికి సీసాకు పది సంకర మగ ఈగల్ని వేసి, ఆడ ఈగల్ని జతచేసి, పిల్లల్ని లెక్కపెడుతుంది. మూడేళ్ళుగా పుస్తకం నిండా సున్నాలే. ఆ సున్నాలే ఆమె థీసిస్. పొద్దున్నే ఈగల మేత ట్రే దించుతూ ల్యాబ్ ఆయమ్మ "ఇవాళా సున్నాయేనా?" అనడం, ఈమె "సున్నాయే" అనడం రోజూ ఉన్నదే.

వచ్చే నెల థీసిస్ ఇవ్వాలి. ఇప్పుడు ఈ పిల్ల పురుగులు!

ఈగలకు మత్తిచ్చి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టింది. మగవి పది ఉండాలి. పదకొండున్నాయి.

ఎవరో పిల్లల్ని పుట్టించగల మగ ఈగను లోపల వేశారు. గది తాళంచెవులు రెండే. ఒకటి ఈమెది, రెండోది ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న జూనియర్‌ది. పత్రంలో తన పేరు వెయ్యలేదని ఆ పిల్ల వారం నుంచి మూతి ముడుచుకునే ఉంది.

"చేతిలో బ్రష్ పెట్టి ఈగను పట్టడం నేర్పింది నేను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే!"

"అమ్మతోడు అక్కా, నేను ముట్టుకోలేదు."

"మరి ఈగే తాళం తీసుకుని వచ్చిందా?"

ప్రొఫెసర్ లెక్కల పుస్తకం మూసేశాడు. "ఒక సీసాలో చెయ్యి పెట్టినవాళ్ళు మిగతావాటిలో పెట్టలేదని ఏంటి నమ్మకం? మళ్ళీ మొదటినుంచి చెయ్యమ్మా."

జూనియర్‌ని ఆ పూటే పంపించేశాడు. ఆ పిల్ల ఏడుస్తూ బ్యాగు సర్దుకుంటుంటే ఈమె తల తిప్పి చూడలేదు. సొంత చెల్లెలనుకున్నందుకు తనకు తగిన శాస్తే జరిగిందని కుమిలిపోయింది. మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

గది ఖాళీ అయ్యాక ఆయమ్మ టీ తెచ్చి పక్కన పెట్టింది. వీపు నిమిరింది. ఆ ముసలి చేతిని పట్టుకుని ఈమె బావురుమంది. ఈ భవనం మొత్తంలో నమ్మదగ్గ మనిషి ఈవిడొక్కతే అనిపించింది.

"ఊరుకో తల్లీ, పిల్లలు పుట్టక రోజూ సున్నాలు చుట్టుకుంటున్నావని చూడలేక, నువ్వు ఆ పిల్లకి నేర్పినట్టే బ్రష్‌తో పట్టి ఒక్క మగ ఈగని వేస్తే ఇంత గొడవవుతుందని నాకేం తెలుసు!"