సామాన్ల బండి

"రోజుకు ఎంత బరువు పడతది?" అని అడిగాడు ఐలేశం.

లింగస్వామి చెప్పాడు. పొద్దున్నే జడ్చర్ల మార్కెట్లో రెండు డబ్బాల టమాట, ఒక ఉల్లిగడ్డ సంచి, ఆకుకూర మూటలు. అవన్నీ వేసుకుని ఊళ్లు తిరగాలి. వాపసొచ్చేటప్పుడు బర్రెకు గడ్డిమోపు.

"నడిపేది నువ్వేనా తమ్మి?"

"నేను కాదు. పుష్ప."

పుష్ప కొంచెం ఎడంగా నిలబడి ఉంది. పాలమూరులో జడ్చర్ల రోడ్డు మీద ఐలేశంది పాత బండ్ల దుకాణం. రేకుల కింద వరుసగా బండ్లు పెట్టి ఉన్నాయి. చూస్తోంది గానీ ఏదీ కంటికి ఆనడం లేదు. పొద్దుటి నుంచి ఆమెకు అన్నీ అట్లాగే ఉన్నాయి. చెవుల్లో దూది పెట్టుకున్నట్టు మాటలన్నీ ఎక్కడి నుంచో వినిపిస్తున్నాయి.

ఐలేశం ముందు మూడు చక్రాల ట్రాలీ చూపించాడు. తొక్కుడు బండి.

"అన్నిట్ల అగ్గువ ఇదే. పెట్రోలు ఫికర్ లేదు."

లింగస్వామి దాన్ని కొంచెం దూరం తోసి చూశాడు. "మా ఊరి ముందట పెద్ద గడ్డ ఎక్కాలన్నా. బరువేసుకొని తొక్కుడు ఒక్క మనిషితోని కాదు. ఎన్కనుంచి తోసేటోడు ఉండాలె."

"నువ్వున్నవ్ గదా తోయనీకి!" ఐలేశం నవ్వాడు.

లింగస్వామి నవ్వలేదు. పక్క బండి దగ్గరకు నడిచాడు. అది బ్యాటరీది.

"చప్పుడు లేదు, పొగ లేదు," అన్నాడు ఐలేశం.

"బ్యాటరీ పాడైతే?" పుష్ప అడిగింది. దుకాణంలోకి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"కొత్తది ఏసుకోవాలె బిడ్డా."

"దాని పైసలకు ఇంకో పాత బండి రాదా?"

ఐలేశం తల గోక్కున్నాడు. లింగస్వామి ఆమె వైపు చూసి, మెచ్చుకున్నట్టు తలూపాడు.

చివరికి చిన్న మోపెడు దగ్గర ఆగారు. రంగు వెలిసింది గానీ ఇంజను మంచిగుంది. కాళ్లు పెట్టుకునే చోట ఒక సంచి పడుతుంది. లింగస్వామి కిక్కు కొట్టి చూశాడు. బ్రేకులు పట్టి చూశాడు. వంగి చెయిను చూశాడు. తర్వాత మూలకున్న ఇసుక సంచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఎత్తి పెట్టు."

దుకాణంలో పనిచేసే మనిషి సాయం పట్టబోయాడు.

"పట్టకు. ఆమెనే ఎత్తనియ్యి."

మొదటిసారి సంచి జారింది. లింగస్వామి చేతులు కట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. రెండోసారి ఆమె మోకాలి మీద ఆనించుకుని బండి మీదకు చేర్చింది.

"గంత గట్టిగ ఉండకు తమ్మి. ఆడమనిషి," అన్నాడు ఐలేశం.

"రేపటిసంది ఎవరొస్తరన్నా ఎత్తనీకి?"

"ఏంది, దుబాయ్ పోతున్నవా?"

లింగస్వామి వంగి వెనక సీటు బోల్టులు చూడసాగాడు. అవునన్నట్టే అనుకున్నాడు ఐలేశం.

"ఎన్క సీటు తీసేసి ఇనుప కేరేజీ బిగిస్తే టమాట డబ్బాలు రెండూ పడతయి," అన్నాడు లింగస్వామి.

"ఉండనియ్యి తమ్మి. ఎప్పుడన్న ఇద్దరు కలిసి పోతరు."

"తీసెయ్యుండ్రి," అంది పుష్ప.

కేరేజీ బిగిస్తుంటే ఐలేశం ఊరికే ఉండలేక అడిగాడు. "పిల్లలెందరు బిడ్డా?"

"ఒక్కడుండె. పోయి రెండేండ్లయింది. డెంగీ జరం."

టమాట ధర చెప్పినట్టు చెప్పింది. లింగస్వామి బట్టపేలిక తీసుకుని బండి హాండిలు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

పిలగాణ్ని ఒకరోజు ముందు దవాఖానకు ఎందుకు తీసుకపోలేదని వాళ్లు ఒకరినొకరు ఎన్నడూ అడగలేదు. ఆ ఒక్కటీ అడగకుండా ఉండటానికి మిగతా మాటలు కూడా మానేశారు. ఇవ్వాళ ఈ రేకుల కింద ఇద్దరి మధ్యా జరిగినన్ని మాటలు ఈ రెండేళ్లలో ఇంట్లో జరగలేదు.

దుకాణం వెనక ఖాళీ జాగాలో ఆమెకు బండి నేర్పాడు. సైకిలు వచ్చు కాబట్టి తొందరగానే పట్టుకుంది. లింగస్వామి వెనక కేరేజీ పట్టుకుని కొంతసేపు ఉరికాడు. ఎప్పుడు వదిలేశాడో ఆమెకు తెలియలేదు. మలుపు తిప్పుకుని వచ్చేసరికి దూరంగా నిలబడి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వగరుస్తూ ఉన్నాడు.

ఐలేశం ఆ ఇద్దరినీ చూస్తూ పుష్పతో అన్నాడు. "నీ పెనిమిటి మంచోడు బిడ్డా. పెండ్లానికి గింత ఆలోచన జేసి బండి కొన్నోణ్ని నేను ఇంతవరకు చూల్లే."

"మంచోడే," అంది పుష్ప.

అది అబద్ధం కాదు. అయినా ఆ మాట అంటుంటే లోపల ఏమీ కదలలేదు.

కాయిదాలు ఆమె పేరు మీద రాయించి, పైసలు కట్టి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు లింగస్వామి.

"ఎడమ పక్కకే పో. తడి రోడ్డు మీద ముందటి బ్రేకు ఒక్కటే పట్టకు."

"సరే."

"నెలకొకసారి చెయినుకు నూనె పెట్టియ్యి."

"పెట్టిస్త. నువ్వెట్ల పోతవు?"

"బస్సుకు పోత."

పుష్ప తాళంచెవి తిప్పి కిక్కు కొట్టింది. బండి రోడ్డు మీదికి ఎక్కించింది. లారీ ఒకటి పోయేదాకా ఆగి, మెల్లగా జడ్చర్ల వైపు సాగింది. అద్దంలోకి చూడలేదు.

ఆమె కనుమరుగయ్యేదాకా లింగస్వామి అక్కడే నిలబడ్డాడు.

ఆ పొద్దున్నే కోర్టులో ఇద్దరికీ విడాకులు మంజూరు చేసి, భరణం కింద ఏం కావాలమ్మా అని జడ్జి అడిగితే, "మంచిది చూసి ఒక సామాన్ల బండి ఇప్పిస్తే చాలు సార్, బండ్ల సంగతి ఈయనకు ఎరుకే" అంది పుష్ప.