పాత ఇంటి వైఫై

ఆదివారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుండగా పిచ్చుక ఫోను టింగుమంది. తీసి చూస్తే, అడక్కుండానే ఏదో వైఫైకి తగులుకుని కూర్చుంది. దాని పేరు చదవగానే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

‘నేనే మొనగాణ్ణి.’

ఇంట్లో రౌటర్ డబ్బాకి మొగుడు పెట్టుకున్న పేరది. వాడి మొనగాడితనం పెళ్ళాం వీపు మీద తప్ప ఇంకెక్కడా చెల్లదనుకోండి, అది వేరే సంగతి. ఆ ఇల్లు విడిచి, ఊళ్ళు దాటొచ్చి, ఈ ఆడవాళ్ళ హాస్టల్లో దాక్కుందామె. బక్కపలచటి మనిషి, సన్నటి గొంతు. అందుకే అందరూ పిచ్చుక అంటారు.

పక్క మంచం వైర్లక్కది. ఇంటింటికీ నెట్టు కనెక్షన్లు బిగించే ఉద్యోగం. సంగతి విని ముందు నవ్వింది. అలాంటి పేర్లు పెట్టుకునే మగాళ్ళు వీధికి పదిమంది ఉంటారంది. ఫోను చేతిలోకి తీసుకున్నాక మాత్రం నవ్వు ఆగిపోయింది. పేరొక్కటే కలిస్తే ఫోను తగులుకోదట. పాస్‌వర్డు కూడా అదే అయ్యుండాలట.

"ఇది మీ ఇంటి డబ్బానే. ఈ బిల్డింగులోనే ఎక్కడో పెట్టారు. పైగా దీని వెనకాల నెట్టు లేదు. ఉత్త గాలం."

"గాలమేంటక్కా?"

"నీ ఫోను తగులుకుందా, దాని పేరు డబ్బా పెట్టినవాళ్ళకి కనబడుతుంది. చేప ఇక్కడే ఉందని తెలిసిపోతుంది."

పిచ్చుకకి మగపురుగు గేటు దాటని చోటని ఈ హాస్టలు చూపించింది పాత వీధిలోని టైలరమ్మ. ఆవిడకి తప్ప ఇంకెవరికీ ఈ సంగతి తెలియదు. ఆవిడే నోరు జారిందా? పోనీ వార్డెనుకి చెబుదామంటే, డబ్బా లోపలికి తెచ్చింది వార్డెనే అయితే?

సామాను సర్దుకుని పారిపోతానంది. గేటు బయటే కాచుకుని ఉంటే ఏం చేస్తావని అడిగింది వైర్లక్క. ముందు డబ్బా పీకాలి, పెట్టిందెవరో చూడాలి, ఆ తర్వాతే ఏదైనా.

వైర్లక్క ఫోనులో సిగ్నల్ చూపించే సూది ఉంది. దాన్ని పట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. వంటగది దగ్గర సూది పడుకుంది. మెట్లెక్కుతుంటే లేచింది. బట్టలారేసే వరండాలో ఇంకాస్త లేచింది. ఎదురొచ్చిన ప్రతి ఆడదీ పిచ్చుక కళ్ళకి వాడి మనిషిలాగే కనబడింది. ఎవరు తుమ్మినా ఉలిక్కిపడింది.

"నా చెయ్యి అంత గట్టిగా పిండకే, రేపు స్క్రూలు తిప్పాలి," అంది వైర్లక్క.

పై అంతస్తులో చివరి గది. పొద్దున్నే ఎవరో దిగారు. ఆ తలుపు ముందు సూది చివరికంటా వెళ్ళి నిలబడిపోయింది.

కరెంటు చూడాలండీ అంటూ వైర్లక్క తలుపు తట్టింది. లోపల ఏదో జరిపిన చప్పుడు. తలుపు జానెడు తెరుచుకుంది.

కిటికీ గట్టు మీద అదే డబ్బా. కరెంటు వైరు తప్ప ఇంకే వైరూ లేదు. పచ్చ దీపం మిణుకుమంటోంది. దాని ముందు అత్తగారు.

కొడుకు చెయ్యి లేచినప్పుడల్లా గోడ వైపు తిరిగి కూర్చునే అత్తగారు. ఒక్క రోజు అడ్డం రాలేదు. తల్లి వచ్చిందంటే కొడుకు వెనకాలే ఉన్నట్టు. పిచ్చుక వెనక్కి తిరగబోయింది.

ముసలావిడ ఆమె మణికట్టు పట్టుకుని లోపలికి లాగింది. వైర్లక్క కూడా లోపలికి దూరింది. ముసలావిడ తలుపు మూసి గడియ పెట్టింది.

గుసగుసగా అంది:

"ఇంట్లో డబ్బా పీక్కొచ్చుకుంటే ఇక్కడా ఫోనుకి నెట్టొస్తుందనుకున్నానే. నేనిక్కడ దాక్కున్నానని వాడికి చెప్పకే తల్లీ."