ఇంకా కుదరని ఆమ్లెట్టు

“ఇంకా కుదరలేదండీ,” అంది ఆవిడ, రెండో ముక్క నోట్లో పెట్టుకుంటూ.

వంట మాస్టరు అట్లకాడ పక్కన పడేసి స్టూలు మీద కూలబడ్డాడు. సాయంత్రం భార్య పని నుంచి వచ్చాక వేసిన రెండో చేప ఆమ్లెట్టు అది. గోడ గడియారంలో ఆరూ పది అయింది. ఏడింటికల్లా హోటలు ఓనరుకి ఫోన్ చేసి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

ఆ హోటల్లో చైనీస్ వంటల పొయ్యి ఆయనది. ఆ పొయ్యి మీంచి దిగే చేప ఆమ్లెట్టు కోసం జనం బయట నిలబడి మరీ తిని వెళ్లేవాళ్లు. అలాంటి మనిషికి జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ నాలుకకి తెలిసే రుచినీ, ముక్కుకి తెలిసే వాసననీ మూటగట్టుకుని పోయింది. ఇప్పుడాయనకి ఉప్పయినా ఒకటే, పంచదారయినా ఒకటే. దానంతటదే తిరిగొస్తుందన్నాడు డాక్టరు. ఎప్పుడని అడిగితే మాత్రం గోడకేసి చూశాడు.

ఓనరు చెడ్డవాడేమీ కాదు. రుచి పోతే పోయింది, చేతి అలవాటు ఎక్కడికి పోతుంది, ఇంట్లో చేసి ఎవరికైనా పెట్టి చూడు, బాగుందన్న రోజున వచ్చి పొయ్యి ముందు నిలబడు అన్నాడు. ఇంట్లో ఉన్న నాలుక భార్యది ఒక్కటే. ఇరవై రోజులుగా ఆ నాలుకే తీర్పు చెబుతోంది, రోజూ కేసు వాయిదా పడుతోంది. ఈలోగా ఓనరుకి ఓపిక అయిపోయింది. ఇవాళ ఏడు దాటితే ఆ పొయ్యి ఇంకో మాస్టరుకి ఇచ్చేస్తానని పొద్దున్నే చెప్పేశాడు.

“ఈసారి ఏమొచ్చింది?” అన్నాడు మాస్టరు.

“అల్లం పచ్చిగా తగులుతోంది.”

నిన్న సోయా సాస్ ఎక్కువైందంది. మొన్న గుడ్డు అట్టముక్కలా ఉందంది. అంతకు ముందు మిరియాల ఘాటు గొంతు పట్టుకుందంది. ఎందరెందరో తిని శభాష్ అన్న మనిషి, ఆవిడ ఎదుట చేతులు కట్టుకుని ఆ తప్పులన్నీ విన్నాడు, విన్నవి విన్నట్టే దిద్దుకున్నాడు. ఒకటి దిద్దితే ఇంకొకటి పుట్టుకొస్తోంది.

ఆవిడ మాత్రం వంకలు పెడుతూనే ప్లేటు ఖాళీ చేసేసింది. బట్టలు కుట్టే షెడ్డులో పొద్దంతా మిషను ముందు నడుం వంచి వచ్చిన మనిషి, ఆకలి మీద ఏం పెట్టినా తింటుంది పాపం అనుకున్నాడు. తన మీద తనకే జాలేసింది. ఆవిడ మీద ఇంకాస్త ఎక్కువ జాలేసింది.

“ఇంకో మూడు గుడ్లున్నాయి,” అన్నాడు లేస్తూ. “ఇదే ఆఖరుది.”

ముళ్లు తీసిన చేపని పల్చటి ముక్కలుగా కోశాడు. ఉప్పు, మిరియాల పొడి, కాస్త కార్న్‌ఫ్లోర్ పట్టించి వేడి నూనెలో ఇలా వేసి అలా తీశాడు. ఈసారి అల్లం తరుగుని ఎర్రబడేదాకా వేయించాడు. గుడ్ల సొనలో ఉల్లికాడలు, నాలుగు చుక్కల నువ్వుల నూనె వేసి గిలక్కొట్టాడు. ఇనప బాణలి పొగలు కక్కేదాకా ఆగి సొన పోశాడు. అది చుయ్యిమని పొంగింది. అంచులు ఉబ్బి, నడుమ ఇంకా తడిగా ఉండగానే చేప ముక్కలూ అల్లమూ పరిచి, ఒక్క ఊపున మడిచేశాడు. హోటలు మంట ముందు ఇంటి పొయ్యి మంట ఏపాటిది, అయినా చెయ్యి ఎక్కడా తడబడలేదు. నూనె చప్పుడు చెవికి తెలుస్తోంది, రంగు కంటికి తెలుస్తోంది. తెలియాల్సిన నాలుకకే ఏమీ తెలియడం లేదు.

ఆవిడ వేడివేడి ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. ఇంకో ముక్క తీసుకుంది. మూడోది కూడా తిన్నాక, కళ్లు తెరవకుండానే, ఇంకో రెండ్రోజులు చూద్దామంది.

“రెండ్రోజులెక్కడివి? పావుగంట కూడా లేదు.” ఆయన గొంతులో కోపం లేదు. కోప్పడే ఓపిక కూడా మిగల్లేదు. “ఇక నావల్ల కాదే. ఇరవై రోజులుగా ఎటు తిప్పినా కుదరట్లేదంటే, నాలుకతో పాటు నా చెయ్యి కూడా పోయినట్టే. ఆ కొత్తవాణ్ణే పెట్టుకోమని చెప్పేస్తాను.”

ఫోన్ తీసి నంబరు నొక్కాడు. అవతల రెండుసార్లు మోగింది. ఓనరు హలో అనేసరికి ఆవిడ చటుక్కున లేచి, జిడ్డు చేత్తోనే ఫోన్ లాగేసుకుంది. మాస్టరుగారు రేపు పొద్దున్నే వస్తున్నారని, ఆమ్లెట్టు కుదిరిందని, ఇంకెవర్నీ చూసుకోనక్కర్లేదని గుక్కతిప్పుకోకుండా చెప్పి పెట్టేసింది.

మాస్టరు ఫోన్ వెనక్కి లాక్కున్నాడు. రేపు అందరి ముందూ పరువు పోతే ఎవరిదే బాధ్యత అన్నాడు. పోదంది ఆవిడ. మరి రేపు ఏ వంక పెడతారోనన్నాడు.

“ఎవరూ ఏ వంకా పెట్టరు. మొదటి రోజునే కుదిరింది.”

అప్పుడొచ్చింది ఆయనకి కోపం. ఇరవై రోజులుగా నిద్రపట్టక దొర్లిన దొర్లుడంతా ఒక్కసారి గుర్తొచ్చింది.

“మరి ఇన్నాళ్లూ నన్నెందుకిలా కాల్చుకు తిన్నావు?”

ఆవిడ తలెత్తలేదు. తప్పు చేసినదానిలా ప్లేటు ముందు కూర్చుని, మిగిలిన ఆమ్లెట్టు ముక్కని దగ్గరకి లాక్కుంది.

“ఇరవై రెండేళ్లు ఊరందరికీ వండిపెట్టి, ఇంటికొచ్చి గరిటె ముట్టుకోకుండా పడుకునేవారు. మీ చేతి వంట నేను తిన్నది ఈ ఇరవై రోజులేనండీ.”